టెస్టుకు ముందు ఏ గేర్ బండి మీద నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది అనంతపురం, ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. యాక్టివా బాగా నడుపుతారు, గేర్ లేని బండికి లైసెన్సు కూడా ఉంది. గేర్ బండి మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పుడు దానికి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నారు, కేఆర్‌ పురం ఆర్టీవోలో టెస్టుకు ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మనసంతా రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 మీద ఉంది. ఎలాగూ కొనేదే కాబట్టి దాని మీదే నేర్చుకోవాలా, ఊళ్లో ఉన్న తమ్ముడి పల్సర్ 150 తెప్పించుకోవాలా, లేకపోతే సెకండ్ హ్యాండ్‌లో చిన్న బండి చూడాలా అని అడిగారు.

చిన్న బండే చూడండి. 100 సీసీది, సెల్ఫ్ స్టార్ట్ ఉన్నది, కింద పడినా మీ ప్రాణం విలవిల్లాడనిది. హంటర్ టెస్టు పాసయ్యాక కొనుక్కోవచ్చు. ఇన్నేళ్లుగా బెంగళూరులో మనవాళ్లకి, ముఖ్యంగా స్కూటర్ నుంచి వచ్చినవాళ్లకి గేర్ బండి నేర్పుతూ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. ఏ బండి మీద నేర్చుకున్నారన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

ముందు టెస్టు సంగతి చూడండి. అక్కడ ఎవరూ మీ స్పీడు చూడరు. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమంటారు, లేదా కోన్‌ల మధ్య వంకరటింకరగా పొమ్మంటారు, కొంత దూరం నడిపించి ఆపమంటారు, చేత్తో సిగ్నల్ చూపించమంటారు. ఇదంతా మనిషి నడకకు కాస్త ఎక్కువ వేగంలో జరిగే పని. కాలు కింద పెట్టకూడదు, బండి ఆఫ్ కాకూడదు, గీత దాటకూడదు. అంత నెమ్మదిలో బండిని నిలబెట్టేది ఇంజిన్ బలం కాదు. క్లచ్ మీదున్న మీ ఎడమ చెయ్యి, వెనక బ్రేకు మీదున్న మీ కుడి పాదం, ముందుకు చూసే మీ కళ్లు. వేగంగా పోయేటప్పుడు బరువు పెద్దగా తెలియదు. నెమ్మదిగా తిప్పేటప్పుడు ప్రతి కిలో తెలుస్తుంది.

ఇప్పుడు లెక్కలు చూడండి. హంటర్ 350 బరువు 181 కిలోలు. పల్సర్ 150 దాదాపు 148. హీరో స్ప్లెండర్ ప్లస్ 112. హోండా షైన్ 100 అయితే 99 కిలోలే. మీకు అలవాటైన యాక్టివా 106 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. అంటే స్ప్లెండర్ మీ చేతులకి ఇప్పటికే తెలిసిన బరువు. హంటర్ దానికి డెబ్బై కిలోలు ఎక్కువ. గట్టిగా ఉన్న ఒక మనిషిని అదనంగా మోస్తూ క్లచ్ నేర్చుకోవడం అన్నమాట.

సీటు ఎత్తు చూసి చాలామంది మోసపోతారు. హంటర్ సీటు 790 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌ది 785, కాగితం మీద తేడా లేనట్టే ఉంటుంది. కానీ కాలు నేలకి అందడం ఒకటి, ఒరిగిన బండిని ఆ కాలితో ఆపగలగడం ఇంకొకటి. నెమ్మదిగా తిప్పుతుండగా బండి కాస్త పక్కకి వాలిందనుకోండి, స్ప్లెండర్ అయితే మునివేళ్లతో నెట్టి మళ్లీ నిలబెట్టేస్తారు. హంటర్ ఒక కోణం దాటిందంటే మీ ఎత్తుకి, మీ బలానికి ఆగదు. ఇది ఆడవాళ్లు, మగవాళ్లు అన్న విషయం కాదు. మొదటి వారంలో అంత బరువును ఎవరూ ఆపలేరు. అలా రెండుసార్లు పడ్డాక ఒంటికి తగిలే దెబ్బ కంటే మనసులో దిగే భయం పెద్దది. ఆ భయంతో చెయ్యి బిగుసుకుపోతుంది, చెయ్యి బిగుసుకుంటే క్లచ్ రాదు. కొత్త బండి ట్యాంకు మీద పడిన సొట్టను రోజూ చూసుకోవడం దానికి తోడు.

స్కూటర్ నడిపేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది, దీన్ని మీరు బాగా మనసులో పెట్టుకోవాలి. యాక్టివాలో ఎడమ చేతి లివర్ నొక్కితే బ్రేకు పడుతుంది. ఇన్నేళ్లుగా ఏ కుక్క అడ్డొచ్చినా, ఏ ఆటో హఠాత్తుగా ఆగినా మీ ఎడమ చెయ్యి దానంతటదే బిగుసుకుంది, బండి ఆగింది. మోటార్‌సైకిల్‌లో ఆ లివరే క్లచ్. కంగారులో దాన్ని గట్టిగా పట్టుకుంటే ఇంజిన్‌కీ చక్రానికీ ఉన్న లంకె తెగిపోతుంది. బండి ఆగదు సరికదా, ఇంజిన్ పట్టు కూడా పోయి ఉన్న ఊపుతో ముందుకు జారిపోతుంది. "బ్రేకు పట్టాను, పడలేదు" అని కొత్తవాళ్లు చెప్పేది దీన్నే. బండిలో ఏ లోపమూ ఉండదు. అటు కుడి పాదానికి యాక్టివాలో అసలు పనే లేదు, ఇక్కడ వెనక బ్రేకు మొత్తం దానిదే.

అందుకని మీ మొదటి పని గేర్లు నేర్చుకోవడం కాదు. ఎడమ చెయ్యి పాత అలవాటు మానాలి, కుడి పాదం కొత్త అలవాటు పట్టాలి. ఈ మార్పు జరిగే రోజుల్లో పొరపాట్లు తప్పవు. ఆ పొరపాట్లు 8 పీఎస్ (దాదాపు 8 హార్స్‌పవర్) ఇంజిన్ ఉన్న 112 కిలోల బండి మీద జరిగితే ఆపుకోగలుగుతారు. 20 పీఎస్ పైగా ఉన్న 350 మీద క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే బండి ముందుకు దూకుతుంది. ఆ కుదుపుకి చెయ్యి తెలియకుండానే ఎక్సలేటర్‌ని ఇంకా తిప్పేస్తుంది. నేర్చుకునేవాళ్లు గోడలకి గుద్దుకునేది ఎక్కువగా ఇలాగే.

తమ్ముడి పల్సర్ విషయం. అది మంచి బండే, కానీ మీకు మొదటి బండిగా బరువు. పైగా ఆంధ్రా బండిని కర్ణాటకలో తిప్పడం ఉంది. తాత్కాలికంగా తెచ్చుకుంటే తప్పేం లేదు గానీ, 12 నెలలు మించి ఇక్కడే ఉంచితే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్పించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి ఎప్పుడు వచ్చిందో చూపించడానికి రైల్లో వేసిన పార్శిల్ రసీదు లాంటిది దగ్గర ఉండాలి. టెస్టుకు వేరే రాష్ట్రం బండి తీసుకెళ్లాలనుకుంటే ముందే ఆర్టీవోలో అడగండి. రెండు నెలల అవసరానికి ఇంత తిప్పలు ఎందుకన్నది నా అభిప్రాయం. ఇప్పటికే ఇక్కడున్న స్నేహితుల ఇంట్లో స్ప్లెండరో, ప్లాటినానో మూలన పడి ఉంటే అన్నిటికంటే అదే మేలు. అప్పు తెచ్చుకోండి, సర్వీసింగ్ మీరు చేయించి తిరిగివ్వండి.

అద్దె బండి తీసుకుని నేర్చుకుందామని కొందరంటారు. అద్దెకిచ్చేవాళ్లు సాధారణంగా ఆ తరగతి బండికి పూర్తి లైసెన్సు అడుగుతారు, ఎల్‌ఎల్‌ఆర్ మీద ఇవ్వరు. అడ్డదారిలో ఎవరైనా ఇచ్చినా, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర మీరే ఇరుక్కుంటారు. ఆ ఆలోచన వదిలేయండి. టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 మీద మొదలుపెట్టమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. దానికి గేర్లే లేవు, మీకు పనికిరాదు.

ఇక కొనేదానికి వస్తే నా మొదటి ఓటు స్ప్లెండర్‌కే. క్లచ్ మెత్తన. ఫస్ట్ గేర్‌లో ఎక్సలేటర్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదిలితే బండి దానంతటదే పాకుతుంది. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే గొప్ప గుణం లేదు. హ్యాండిల్ నిటారుగా, ఒడుపుగా ఉంటుంది, బాగా తిరుగుతుంది. సీటు సన్నం కాబట్టి కాళ్లు తిన్నగా కిందికి దిగుతాయి. ఏ సందులో మెకానిక్ అయినా బాగుచేస్తాడు, ఏ పార్టు కావాలన్నా దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, టెస్టు అయిపోయాక అమ్మితే పెద్దగా నష్టం రాదు. ఈ బండికి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

షైన్ 100 ఇంకా తేలిక, మీకు బాగా సరిపోతుంది. కాకపోతే అది 2023లో వచ్చిన బండి, సెకండ్ హ్యాండ్‌లో అంత చవగ్గా దొరకదు. టీవీఎస్ స్పోర్ట్ కూడా పనికొస్తుంది. మన పక్కనే హోసూరులో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీది, బెంగళూరులో విరివిగా దొరుకుతుంది. ప్లాటినా 100, హెచ్‌ఎఫ్ డీలక్స్ మంచివే గానీ వాటి సీటు 805 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఎక్కి కూర్చుని చూశాకే నిర్ణయించుకోండి. 125 సీసీ షైన్ అయినా ఫర్వాలేదు. అంతకు మించి వద్దు.

వద్దన్నవాటిలో కేటీఎం డ్యూక్ లాంటివి చెప్పక్కర్లేదు. హ్యాండిల్ తక్కువగా తిరిగే స్పోర్ట్స్ బండ్లతో ఎనిమిది వేయడం అలవాటున్నవాళ్లకే కష్టం. బెంగళూరులో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 మీద ప్రేమ ఎక్కువ. మీ ఆఫీసులో ఎవరో ఒకరు "తేలిక బండి, దాని మీద నేర్చుకో" అని తప్పకుండా అంటారు. తేలికే, కానీ అది టూ స్ట్రోక్. ఎక్సలేటర్ కొద్దిగా ఇచ్చినంతసేపు నిదానంగా ఉండి ఒక్కసారిగా లాగుతుంది, ఎక్సలేటర్ వదిలితే ఇంజిన్ పట్టి ఆపదు, సెల్ఫ్ ఉండదు. తయారీ కూడా 1996లోనే ఆగిపోయింది. నడపడం వచ్చినవాళ్లకి ఆనందం, నేర్చుకునేవాళ్లకి కాదు.

సెల్ఫ్ అని మొదటే ఎందుకన్నానంటే, నేర్చుకునేటప్పుడు బండి పదేపదే ఆఫ్ అవుతుంది. ప్రతిసారీ న్యూట్రల్‌కి తెచ్చి కిక్ కొట్టుకుంటూ కూర్చుంటే వెనక హారన్‌లకి మనిషి చెమటలు పట్టిపోతాడు. క్లచ్ నొక్కి బొటనవేలితో బటన్ నొక్కితే చాలన్న ధైర్యం ఉండాలి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, పొద్దున్నే చలిలో కూడా వెంటనే స్టార్టవుతాయి, ఐడ్లింగ్ నిలకడగా ఉంటుంది. అంతకు ముందువి కార్బురేటర్‌వి, చవక. డిసెంబరు, జనవరి పొద్దుల్లో చోక్ లాగాల్సి వస్తుంది. రెండూ సరే, డబ్బును బట్టి చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు పెయింట్ చూడకండి. ఎడమ లివర్ పట్టుకుని చూడండి. మెత్తగా నొక్కుకోవాలి, వదిలేటప్పుడు ఎక్కడా పట్టేయకూడదు. చివర కొద్దిగా, ఒక సెంటీమీటరు పైచిలుకు, వదులు ఉండాలి. తర్వాత ఫస్ట్ గేర్ వేసి క్లచ్ మెల్లగా వదలమని మీతో వచ్చిన అనుభవజ్ఞుడికి చెప్పండి. లివర్ సగంలో బండి కదలాలి. దాదాపు మొత్తం వదిలేసేదాకా కదలకపోతే, లేదా రేజ్ ఇస్తే మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగాయి. అలాంటి బండి మీద నేర్చుకుంటే హాఫ్ క్లచ్, అంటే లివర్ సగం వదిలినప్పుడు బండి కదిలే చోటు, ఎక్కడుందో మీ చేతికి ఎప్పటికీ తెలియదు. ప్లేట్లు మార్పించడం పెద్ద ఖర్చేమీ కాదు, ధరలో తగ్గించమని అడిగి మార్పించుకోండి. కేబుల్ కూడా కొత్తది వేయించండి. న్యూట్రల్ లైటు సరిగ్గా వెలుగుతోందో లేదో చూడండి, కొత్తవాళ్లకి అదే దిక్కు. టైర్లు, చెయిన్, హెడ్ బేరింగులు మెకానిక్ చూస్తాడు. క్రాష్ గార్డు లేకపోతే వేయించుకోండి, పడినప్పుడు మీ కాలినీ, లివర్లనీ అదే కాపాడుతుంది.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఆర్సీ 15 ఏళ్ల గడువు దాటిందా, లోను తీరి ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) ఎత్తేశారా, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ నడుస్తున్నాయా చూడండి. బండి నంబరు మీద పెండింగ్ చలానాలు ఎన్ని ఉన్నాయో డబ్బు ఇవ్వకముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఈ ఊళ్లో సిగ్నల్ సిగ్నల్‌కీ కెమెరాలున్నాయి, కొన్ని పాత బండ్ల మీద జరిమానాలు గుట్టలుగా పేరుకుని ఉంటాయి. 2019 ఏప్రిల్‌కి ముందు రిజిస్టర్ అయినదైతే కొత్త హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు వేయించారో లేదో కూడా. అమ్మకం కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని ఊరుకోకండి, పేరు మార్పు పూర్తిచేయించండి. ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చమని 14 రోజుల్లోగా కంపెనీకి రాయాలి. వేరే రాష్ట్రం ప్లేటుతో చవగ్గా వస్తోందని ఎవరైనా ఆశపెడితే, అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ, ఇక్కడి ట్యాక్సు అన్నీ కలుపుకుని లెక్క వేసుకోండి, చవక మిగలదు.

గేర్ల వరస ఒక్కటి గుర్తుంచుకోండి. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందు పాదంతో కిందికి నొక్కేవే, తగ్గించడానికి మడమతో వెనక నొక్కాలి. హంటర్‌లో, పల్సర్ 150లో ఫస్ట్ కిందికి, మిగతావన్నీ పైకి. రేపు హంటర్‌కి మారినప్పుడు తికమక అవుతుందేమో అని అడిగేవాళ్లున్నారు. కాసేపు అవుతుంది, పోతుంది. పాదం త్వరగా నేర్చుకుంటుంది. ఆలస్యంగా నేర్చుకునేది క్లచ్ చెయ్యే, దానికి స్ప్లెండర్‌లో నేర్చింది హంటర్‌లోనూ పనికొస్తుంది.

నేర్చుకునే చోటు సంగతి. మహదేవపుర, మారతహళ్లి రోడ్ల మీద మొదటి రెండు వారాలు తలపెట్టకండి. ఇళ్లు ఇంకా పూర్తిగా రాని లేఅవుట్‌లు ఊరి అంచుల్లో చాలా ఉన్నాయి, ఆదివారం పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. కుక్కలుంటాయి, కొన్ని హంప్‌లకి తెల్ల గీతలుండవు, ముందు ఒకసారి నడిచి చూసుకోండి. రోడ్డు మీదికి వస్తే బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. వెనక కూర్చునేది లైసెన్సు ఉన్న, మీకు నేర్పే మనిషే అయి ఉండాలి. ఇద్దరికీ హెల్మెట్ తప్పనిసరి. మడమ కప్పే బూట్లు వేసుకోండి, చెప్పులతో గేరు వేయడం పాదానికి దెబ్బ.

మొదటి రోజు ఎక్సలేటర్ ముట్టుకోవద్దు. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వెంట్రుకవాసి చొప్పున వదలండి, బండి కదిలిన చోట చెయ్యి ఆపండి, నాలుగడుగులు పోనిచ్చి క్లచ్ నొక్కి కుడి పాదంతో ఆపండి. మళ్లీ అదే. విసుగొచ్చేదాకా అదే. ఈ ఒక్కటీ కుదిరితే మిగతాదంతా దాని వెంట వస్తుంది. ఆపిన ప్రతిసారీ "పాదం" అని పైకి అనండి, ఎడమ చేతి పాత అలవాటుకి అదే మందు. ఇది చేస్తుండగా నేర్పేవారు వెనక కూర్చోకుండా పక్కన నడిస్తే మంచిది, అందుకే ఖాళీ స్థలం, ప్రైవేటు గ్రౌండు లాంటిదైతే ఇంకా మేలు.

తర్వాత సెకండ్ గేరు, తిన్నగా వీలైనంత నెమ్మదిగా పోవడం, ఆ తర్వాత గుండ్రంగా తిరగడం. ఎనిమిది అంటే కుడికి ఒక గుండ్రం, ఎడమకి ఒక గుండ్రం, అంతే. ఆర్టీవోకి ముందే ఒకరోజు వెళ్లి, టెస్టు ఎలా చేయిస్తున్నారో నిలబడి చూడండి. దాదాపు ఎన్ని అడుగుల వెడల్పో కంటితో అంచనా వేసుకుని, అదే కొలతకు నీళ్ల సీసాలు పెట్టుకుని తిప్పండి. తిరుగుతున్నప్పుడు ముందు చక్రాన్ని చూడొద్దు, తర్వాత ఎక్కడికి పోవాలో అక్కడ చూడండి. ముందు బ్రేకు జోలికి పోవద్దు. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టారంటే బండి ఆ పక్కకే పడిపోతుంది. 2019 తర్వాతి చిన్న బండ్లలో వెనక పెడల్ గట్టిగా తొక్కితే ముందు బ్రేకు కూడా కాస్త పడుతుంది, అందుకే పెడల్ మీద పాదం తేలిగ్గా ఆనించండి. 100 సీసీ బండి సెకండ్ గేర్‌లో హాఫ్ క్లచ్ మీద ఈ పని కుదుపు లేకుండా చేస్తుంది. ఫస్ట్‌లో జర్కులు ఎక్కువ. నేను సెకండే నేర్పుతాను, మీకు ఏది నిలకడగా ఉంటే అది.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టు ఇస్తారు, దాని గడువు ఆరు నెలలు. స్లాటు దొరికింది కదా అని తొందరపడొద్దు. సీసాలు పడకుండా, కాలు పెట్టకుండా వరసగా ఐదుసార్లు ఎనిమిది వేయగలిగిన రోజున బుక్ చేసుకోండి.

మీరు నేర్చుకున్న బండే టెస్టుకు తీసుకెళ్లండి. డ్రైవింగ్ స్కూలువాళ్లు "మా బండి ఉంది, వచ్చి నడపండి చాలు" అంటారు. ఆ బండి క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో మీకు తెలియదు, రోజుకి ఎంతమంది చేతుల్లో నలిగిందో చెప్పలేం. తప్పనిసరైతే ముందు రోజే దాని మీద కాసేపు తిరగండి. మీ బండి తీసుకెళ్తే అసలు కాగితాలన్నీ, హెల్మెట్, ఎల్ పలకలు దగ్గర ఉంచుకోండి. ఇంటి నుంచి ఆర్టీవో దాకా ఆ ట్రాఫిక్‌లో మీరు నడపాల్సిన పని లేదు, లైసెన్సు ఉన్నవారిని తోలమని మీరు వెనక కూర్చోండి, చేతులు అలసిపోకుండా ఉంటాయి. మీ వంతు రాకముందు సైడ్ స్టాండ్ ఎత్తారా చూసుకోండి. కొత్త బండ్లలో స్టాండ్ దించి ఉండగా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోతుంది, అది తెలియక కంగారుపడేవాళ్లు చాలామంది. మధ్యలో బండి ఆఫ్ అయితే క్లచ్ నొక్కి, సెల్ఫ్ కొట్టి, ఇన్‌స్పెక్టర్‌ని చూడకుండా దారినే చూస్తూ మొదలుపెట్టండి.

హంటర్ కొన్నాక కూడా చిన్న బండిని ఒక నెల ఉంచుకోండి. వానల్లో, గుంతల్లో, ఆఫీసు రద్దీలో దాన్ని తిప్పండి, కొత్తదాన్ని ఆదివారాలు తీయండి. ఆ నెలలోపే దేన్ని అమ్మాలో మీకే తెలుస్తుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో కొందరు ఆ చిన్న బండినే ఉంచేసుకున్నారు. బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు తోడు ఎవరూ దొరక్కపోతే మోడలు, సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, ధర రాయండి, వెళ్లే ముందే నా అభిప్రాయం చెబుతాను.